సౌర ఫలకాల సంరక్షణ కూడా సేద్యమే

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలో, నల్లమల అడవిని ఆనుకొని ఉన్న గ్రామం మాచారం. 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం ‘ఇందిరా సౌర గిరి జల వికాసం’ పథకాన్ని ఈ గ్రామంలోనే ప్రారంభించింది. అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు పొందిన గిరిజన రైతుల భూములకు సౌర విద్యుత్ పంపుసెట్ల ద్వారా సాగునీరు అందించడం ఈ పథకం లక్ష్యం. రాష్ట్రం మొత్తం మీద 2.10 లక్షల మంది రైతులకు చెందిన 6 లక్షల ఎకరాలకు ఐదేళ్లలో నీరివ్వాలని, ఇందుకు 12,600 కోట్ల రూపాయలు వెచ్చించాలని నిర్ణయించారు. అటవీ ప్రాంతంలోని పోడు భూములకు విద్యుత్ లైన్లు వేయాలంటే అనుమతుల చిక్కులు అనేకం. కనుక గ్రిడ్‌తో సంబంధం లేకుండా చేనులోనే విద్యుత్తును తయారుచేసుకొనే సౌర పంపు ఇక్కడ సరైన మార్గం.

బోరు వేయడం, ఫలకాలు బిగించడం, పంపు దించడం ఒకసారి జరిగి పూర్తయ్యే పనులు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ఆ ఫలకాల మీద పడే దుమ్మును ఎవరు తుడవాలి, ఎలా తుడవాలి, ఆ పనిలో ప్రాణాపాయం కలగకుండా ఎవరు నేర్పాలి అన్న ప్రశ్నలు మాత్రం మిగిలే ఉంటాయి. పథకాల చర్చలో ఫలకాల సంఖ్యకు, రాయితీ మొత్తానికి దక్కిన చోటు ఈ ప్రశ్నలకు దక్కడం లేదు. ఫలకాల సంరక్షణ కేవలం ఎలక్ట్రీషియన్ పని కాదు. కలుపు తీయడం, సస్యరక్షణ, కాలువల పూడిక తీయడం ఎలా సేద్యంలో భాగమో ఇదీ అలాగే భాగం. వ్యవసాయ విస్తరణ వ్యవస్థ ఈ విషయాన్ని గుర్తించి, పంట యాజమాన్య సిఫారసుల్లో దీనికి స్థానం కల్పించవలసిన సమయం వచ్చింది.

అలవాటైన కరెంటు, అలవాటు లేని కరెంటు

పాత పాలమూరు జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రైతులకు బోరు మోటారు కొత్తది కాదు. స్టార్టరు, ఫ్యూజు, కాలిపోయిన వైండింగు వారి నిత్య జీవితంలోని మాటలే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అందుతుండడంతో లైను ఉన్న గ్రామాల్లో మోటారు వాడకం మరింత పెరిగింది. ఈ అనుభవం రైతుకు ఒక రక్షణ సూత్రాన్ని నేర్పింది: ముందు కరెంటు తీసివేయాలి, తరువాతే వైరు ముట్టుకోవాలి. మెయిను దించితే లేదా ఫ్యూజు పీకితే అవతల వైరులో విద్యుత్తు ఉండదు.

సౌర ఫలకం విషయంలో ఈ సూత్రం సగమే పనిచేస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వెలుతురు ఉన్నంతసేపు ఫలకం విద్యుత్ పీడనాన్ని ఉత్పత్తి చేస్తూనే ఉంటుంది. దానికి స్విచ్ లేదు. కంట్రోలరు వద్ద స్విచ్ ఆపితే మోటారు ఆగుతుంది. డి.సి. ఐసోలేటరు దించితే కంట్రోలరుకు విద్యుత్తు చేరదు. అయినా ఫలకాల నుంచి ఐసోలేటరు వరకు ఉన్న వైర్లలో విద్యుత్ పీడనం పగలంతా అలాగే ఉంటుంది.

ఆ పీడనం ఎంతో ఒక లెక్క చూద్దాం. 5 హెచ్.పి. పంపుకు సుమారు 5 కిలోవాట్ల ఫలకాలు అవసరం. 335 వాట్ల ఫలకాలైతే 15 కావాలి. లోడు లేనప్పుడు ఒక్కో ఫలకం దాదాపు 45 వోల్టులు చూపుతుంది. 45 వోల్టులు పెద్ద ప్రమాదంగా కనిపించదు. కాని 15 ఫలకాలను ఒకే వరుసలో కలిపితే అది 675 వోల్టులవుతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు, త్రీఫేజు మోటారు కరెంటు 415 వోల్టులు అని గుర్తు చేసుకుంటే చేనులో ఎంత శక్తి నిలబడి ఉందో అర్థమవుతుంది.

మరో తేడా కూడా ఉంది. లైను కరెంటు ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు వంద సార్లు సున్నాకు చేరుతుంది కనుక వైరు తెగినచోట పుట్టిన మెరుపు త్వరగా ఆరిపోయే అవకాశం ఉంది. ఫలకాల నుంచి వచ్చేది ఏకముఖ విద్యుత్తు, అంటే డి.సి. అది సున్నాకు చేరదు. పంపు నడుస్తుండగా ఫలకాల మధ్య ఉన్న కనెక్టరును లాగితే పుట్టే మంట ఆగకుండా మండుతూ చేతిని, వైరును, కొన్ని సందర్భాల్లో కింద ఉన్న ఎండు గడ్డిని కూడా కాల్చగలదు. ముప్పై ఏళ్లు మోటారుతో మెలగిన రైతు కూడా ఈ విషయంలో కొత్తవాడే. పైగా ఆ పాత అనుభవమే అతనికి లేనిపోని ధైర్యాన్ని ఇస్తుంది. అందుకే సౌర పంపుతోపాటు శిక్షణ తప్పనిసరి కావాలి.

దుమ్ము తినే నీరు

ఫలకాలకు నిర్వహణ అవసరం లేదని, వానలే కడుగుతాయని చెప్పే మాట గ్రామాల్లో వ్యాపించింది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఈ మాటలో కొంత నిజం ఉంది. ఈ మూడు జిల్లాలు దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఫలకాలను దక్షిణ దిశకు సుమారు అంతే వాలుతో బిగిస్తారు. గట్టి వాన పడితే ఆ వాలు మీదుగా దుమ్ము చాలావరకు జారిపోతుంది. అప్పుడు కూడా కింది అంచున, ఫ్రేము పక్కన ఒక మట్టి గీత మిగిలిపోతుంది. ఇక అక్టోబరు తరువాత ఎనిమిది నెలలు ఫలకాన్ని కడిగే వాన దాదాపుగా ఉండదు. మొక్కకు పంపు నీరే దిక్కయ్యే కాలం, ఫలకం మీద దుమ్ము పేరుకొనే కాలం రెండూ ఒకటే కావడం గమనించదగ్గ విషయం.

దుమ్ము స్వభావం ఊరిని బట్టి మారుతుంది. గద్వాల, అలంపూర్ మధ్య నడిగడ్డలోని నల్లరేగడి నేలల్లో వేసవిలో లేచే మెత్తటి ధూళి మంచుతో తడిసి గాజుకు పూతలా అంటుకుంటుంది. వనపర్తి ప్రాంతంలోని చల్కా నేలల్లో యాసంగి వేరుశనగ నూర్పిళ్ల కాలంలో పొట్టు, ఎర్రమట్టి కలిసి లేస్తాయి. అమ్రాబాద్ పరిసరాల్లో ఆకురాలు కాలపు చెత్తకు తోడు వేసవిలో అడవిలో చెలరేగే మంటల నుంచి వచ్చే బూడిద, మసి ఫలకాల మీద పడతాయి. కాబట్టి మూడు జిల్లాలకు ఒకే సిఫారసు చెల్లదు.

దుమ్ము వల్ల విద్యుత్తు ఎంత తగ్గితే నీరూ అంతే తగ్గుతుందని భావించడం పొరపాటు. లోతైన బోరులో నష్టం అంతకంటే ఎక్కువగా ఉంటుంది. సబ్‌మెర్సిబుల్ పంపు నీటిని పైకి నెట్టాలంటే ముందుగా ఒక కనీస వేగాన్ని అందుకోవాలి. పంపు ఎత్తగలిగే ఎత్తు దాని వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. అంటే వేగం పదో వంతు తగ్గితే ఎత్తగలిగే సామర్థ్యం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఆ కనీస వేగానికి చేరనంతవరకు మోటారు తిరుగుతున్నా పైపులో నీరు రాదు. ఫలకం మురికిగా ఉంటే ఉదయం నీరు ఆలస్యంగా మొదలవుతుంది, సాయంత్రం ముందే ఆగిపోతుంది, మబ్బు కమ్మిన ప్రతిసారీ నిలిచిపోతుంది. భూగర్భజలం అడుగంటే ఏప్రిల్, మే నెలల్లో బోరులో ఎత్తు పెరిగి ఈ నష్టం మరింత తీవ్రమవుతుంది.

పక్షుల రెట్టలు, రాలిన ఆకులు కలిగించే హాని వేరు. ఫలకంలోని గడులన్నీ గొలుసుకట్టుగా ఉంటాయి. ఒక గడి మీద నీడ పడితే ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. నీడపడిన గడి విద్యుత్తును ఉత్పత్తి చేయకపోగా వేడెక్కుతుంది. దీనిని నివారించడానికి ప్రతి ఫలకంలో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు అమరుస్తారు. అయినా నెలల తరబడి అదే మచ్చ అక్కడే ఉంటే ఆ గడి మాడి, ఫలకం శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి దుమ్మును కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు కాని, రెట్టను చూసిన మరునాడు ఉదయమే తుడవాలి.

ఎప్పుడు తుడవాలో నిర్ణయించుకోవడానికి రైతుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోనులోని గడియారం చాలు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు మిట్టమధ్యాహ్నం డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. మరునాడు ఉదయం ఫలకాలను శుభ్రం చేసి, అదే వేళకు మళ్లీ కొలవాలి. తేడా కొద్దిగానే ఉంటే శుభ్రపరిచే వ్యవధిని పెంచవచ్చు, ఎక్కువగా ఉంటే తగ్గించాలి. ఎండాకాలంలో రెండు వారాలకొకసారి శుభ్రం చేయడంతో మొదలుపెట్టి ఈ కొలత ఆధారంగా సవరించుకోవడం సముచితం. తన చేను దుమ్ముకు తగిన వ్యవధిని రైతే తేల్చుకోగలుగుతాడు.

తుడిచే పద్ధతి

వేళ విషయంలో రాజీ పడకూడదు. వేసవి మధ్యాహ్నం ఫలకం గాజు 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కుతుంది. దానిపై చల్లని బోరు నీరు పోస్తే గాజు పగిలే ప్రమాదం ఉంది. పైగా నీరు వెంటనే ఆవిరై మరక మిగులుతుంది. ఉత్పత్తి అత్యధికంగా ఉండే వేళ కూడా అదే కనుక విద్యుత్ ప్రమాదమూ ఎక్కువే. తెల్లవారిన తరువాత, ఎండ ముదరకముందే పని ముగించాలి. రాత్రి కురిసిన మంచు దుమ్మును నానబెట్టి ఉంచుతుంది కనుక నీరు కూడా ఆదా అవుతుంది. అయితే అమ్రాబాద్ పులుల అభయారణ్య పరిసరాల్లో చీకటితోనే చేనుకు వెళ్లడం క్షేమం కాదు. ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే వేళ అది. దారి స్పష్టంగా కనిపించే వెలుతురు వచ్చాకే బయలుదేరాలి, ఇద్దరు కలిసి వెళ్లాలి.

పనికి ముందు కంట్రోలరు ఆపి, ఆ తరువాత డి.సి. ఐసోలేటరు దించాలి. తుడవడానికి ముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడాలి. పగిలిన గాజు, ఊడిన కనెక్టరు, ఎలుకలు లేదా ఉడుతలు కొరికిన వైరు, మాడిన మచ్చ కనిపిస్తే ఆ రోజు నీరు పోయకూడదు. పగులు ద్వారా లోపలికి చేరిన నీరు ఫ్రేము మొత్తానికి విద్యుత్తును పాకించగలదు. అటువంటి ఫలకాన్ని ముట్టుకోకుండా సాంకేతిక నిపుణుడికి కబురు పెట్టాలి.

పొడవాటి కర్రకు అమర్చిన మెత్తని బ్రష్ లేదా స్పాంజితో నేల మీద నిలబడే తుడవాలి. ఫలకం మీదకు ఎక్కడం, మోకాలు ఆనించడం, ఫ్రేముకు నిచ్చెన ఆనించడం చేయరాదు. మనిషి బరువుకు గాజు పగలకపోయినా లోపలి గడుల్లో కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడి కాలక్రమంలో ఉత్పత్తి తగ్గుతుంది. రబ్బరు చేతి తొడుగులు, రబ్బరు అడుగు గల బూట్లు ధరించాలి. ముందుగా ఎండు దుమ్మును మెల్లగా దులిపి, తరువాత తడిపి, పై నుంచి కిందికి తుడవాలి. నీటిని గాజు పైభాగం మీదనే వాడాలి. ఫలకం అడుగున ఉన్న జంక్షన్ పెట్టెల మీద, కనెక్టర్ల మీద చల్లకూడదు.

గిన్నెలు తోమినట్టు బూడిద, ఇసుక, కొబ్బరి పీచు, ఇనుప పీచు వాడితే గాజు మీది పలుచని పూత గీసుకుపోతుంది. ఆ పూత వెలుతురును తిరిగి పరావర్తనం కానీయకుండా గడులకు చేర్చడానికి ఉద్దేశించినది. బట్టల సోడా, సబ్బు పొడి, కిరోసిన్ కూడా పనికిరావు. భుజాన వేసుకొనే స్ప్రేయరు ఫలకాలను తడపడానికి చక్కటి సాధనమే. కాని పురుగుమందు లేదా కలుపుమందు కొట్టిన స్ప్రేయరును ఇందుకు వాడకూడదు. మందు అవశేషాలు గాజు మీద పూతగా మిగులుతాయి, తుడిచేవారి చేతికీ అంటుతాయి. నీటికి మాత్రమే కేటాయించిన స్ప్రేయరు ఒకటి గ్రామంలో ఉంటే పది చేన్లకు సరిపోతుంది.

బోరు నీటిలోని లవణాల సమస్య ఈ ప్రాంతంలో చిన్నది కాదు. గట్టి నీరు గాజు మీద ఆరితే తెల్లని పొర ఏర్పడుతుంది. నెలల తరబడి అలా పేరుకుంటే ఆ పొర దుమ్ముకంటే మొండిదవుతుంది. నిల్వచేసిన వాననీరు దీనికి ఉత్తమం. బోరు నీరు తప్పనప్పుడు అది ఆరకముందే రబ్బరు వైపరుతో లేదా మెత్తని నూలు గుడ్డతో ఒత్తివేయాలి. 15 ఫలకాల విస్తీర్ణం సుమారు 30 చదరపు మీటర్లు. పొదుపుగా వాడితే రెండు మూడు బిందెల నీటితో, ఇద్దరు మనుషులు ఒక గంటలో ముగించగలిగే పని ఇది.

చేయకూడని పనులు

కొన్ని అలవాట్లు ఫలకాల దగ్గర ప్రాణాంతకం. అడవి పందుల బెడదకు చేను చుట్టూ కరెంటు తీగ లాగే దురలవాటు రాష్ట్రంలో పలుచోట్ల మనుషుల ప్రాణాలను, వన్యప్రాణులను బలిగొంటున్నది. పంపు ఫలకాల నుంచి వైరు తీసి కంచెకు కలపడం కూడా తీవ్రమైన ప్రమాదం. అధీకృత సౌర కంచె యంత్రం సెకనుకు ఒకసారి మాత్రమే, అదీ క్షణకాలపు తాకిడి ఇస్తుంది. ముట్టినవారు వెనక్కి తగ్గగలుగుతారు. ఫలకాల నుంచి నేరుగా వచ్చే డి.సి. విద్యుత్తు ఎడతెగనిది. ముట్టిన చెయ్యి బిగుసుకుపోయి వదలకపోవచ్చు. ఈ రెండింటికీ పోలిక లేదన్న సంగతిని ప్రతి శిక్షణలోనూ చెప్పాలి.

ఫలకాల కింద పెరిగిన గడ్డికి నిప్పు పెట్టడం మరో ప్రమాదం. వైర్ల మీది తొడుగు కరిగిపోయి, మంట ఆరాక కూడా ఫ్రేములో విద్యుత్తు పాకుతుంది. గడ్డిని చేత్తో పీకాలి. వైర్ల దగ్గర కొడవలి, గొడ్డలి వాడకూడదు. ఫలకాల నీడ చల్లగా ఉంటుందని పాములు, తేళ్లు చేరతాయి. ఫ్రేము సందుల్లో, పెట్టెల్లో కందిరీగలు గూళ్లు పెడతాయి. చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడడం మంచిది. కంట్రోలరు మూతను రైతు తెరవకూడదు. విద్యుత్తు ఆపిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో కొన్ని నిమిషాలపాటు ప్రమాదకరమైన ఛార్జి నిలిచి ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో వీచే ఈదురుగాలులకు ముందు ఫ్రేము బోల్టులు బిగించి ఉన్నాయో లేదో చూడాలి. ఎర్తింగ్ గుంతలో వేసవిలో నీరు పోస్తుండాలి. మేఘాలు కమ్మి ఉరుము వినిపిస్తే ఫలకాల దగ్గర ఉండకూడదు. ఎవరికైనా విద్యుదాఘాతం తగిలితే చేత్తో పట్టి లాగకూడదు. ఐసోలేటరు దించినా ఫలకాల వైపు వైరులో విద్యుత్తు ఉంటుంది కనుక ఎండు కర్రతో మనిషిని వేరుచేసి 108కి ఫోను చేయాలి. మంట లేచినప్పుడు నీరు చల్లకుండా దూరం జరిగి 101కి తెలపాలి.

లైను చేరని చేనింట్లో, కాపలా గుడిసెలో దీపాల కోసం బ్యాటరీలు వాడేవారు మరికొంత జాగ్రత్త వహించాలి. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి మండే వాయువు వెలువడుతుంది. గాలి ఆడే చోటనే దానిని ఉంచాలి, దగ్గర బీడీ, దీపం ఉండరాదు. అందులో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి.

ఎవరి బాధ్యత?

ఇన్ని జాగ్రత్తలు చెబితే రైతు భయపడి ఫలకాల జోలికే పోడని, శుభ్రత బాధ్యతను సరఫరా సంస్థకు అప్పగించడమే మేలని ఒక వాదన ఉంది. ఇందులో కొంత న్యాయముంది. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకంలో సరఫరాదారు ఐదేళ్లపాటు నిర్వహణ బాధ్యత వహించాలన్న నిబంధన ఉంది. మరమ్మతుకు ఆ ఏర్పాటు అవసరమే. కాని రెండు వారాలకొకసారి దుమ్ము తుడవడానికి పట్టణం నుంచి మనిషి చెంచు పెంటకు వస్తాడని ఆశించడం వాస్తవ దూరం. పైగా ఫలకాల మన్నిక పాతికేళ్లు. ఐదేళ్ల ఒప్పందం ముగిశాక మిగిలిన ఇరవై ఏళ్లు ఎవరివి? తుడవడం రైతుది, వైరు ముట్టడం నిపుణుడిది అన్న స్పష్టమైన విభజనే దీనికి పరిష్కారం. ఆ గీత ఎక్కడుందో రైతుకు తెలియజేయడమే శిక్షణ సారాంశం.

చిన్న కమతాల రైతులు కొందరు కలిసి ఒకే బోరును పంచుకొనే చోట మరో చిక్కు ఉంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె అన్నది ఊరికే పుట్టిన సామెత కాదు. నీటి వంతులు రాసుకున్నట్టే తుడిచే వంతులు కూడా రాసుకోవాలి. వంతు తప్పినవారికి ఏమి చేయాలో బోరు బృందమే ముందుగా నిర్ణయించుకోవాలి.

ఈ దిశగా నాలుగు పనులు వెంటనే చేపట్టదగినవి. మొదటిది, ప్రతి పంపుతోపాటు పొడవాటి కర్ర బ్రష్, రబ్బరు వైపరు, చేతి తొడుగులు, బూట్లు గల సంచిని విధిగా ఇవ్వాలి. పంపు ఖరీదుతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకి రాదు. రెండవది, కంట్రోలరు పెట్టె మీద తెలుగులో, పెద్ద బొమ్మలతో కూడిన సూచనల పలకను బిగించాలి. చదువు రాని చెంచు రైతుకు బొమ్మే పాఠం. మూడవది, రైతు వేదికల్లో జరిగే శిక్షణల్లో ఈ అంశాన్ని చేర్చి, ప్రతి గ్రామంలో ఇద్దరు యువతీయువకులను ఎంపిక చేసి లోతైన శిక్షణ ఇవ్వాలి. కనెక్టరు మార్చడం, ఎర్తింగ్ పరీక్షించడం తెలిసిన మనిషి పది కిలోమీటర్ల లోపల ఉంటే పంపు వారాల తరబడి మూలపడదు. మోటారు వైండింగు ఒకప్పుడు ఊరూరా ఉపాధి అయినట్టే ఇదీ కాగలదు. మహిళా సంఘాలు ఈ సేవను చేపడితే మరీ మంచిది.

నాలుగవది పరిశోధనకు సంబంధించినది. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంతోపాటు పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ మూడు జిల్లాల రైతులకు అందుబాటులో ఉన్నాయి. నల్లరేగడి, చల్కా, అటవీ అంచు నేలల్లో ఒక్కొక్క చోట ఫలకాలను వారానికి, రెండు వారాలకు, నెలకు ఒకసారి శుభ్రపరుస్తూ, కొన్నింటిని తుడవకుండా వదిలి, ఏడాదిపాటు వచ్చిన నీటిని కొలిచే ప్రయోగం చేపట్టడం కష్టం కాదు. నష్టాన్ని వాట్లలో కాక లీటర్లలో, ఇంకా చెప్పాలంటే తడిసిన మొక్కల సంఖ్యలో చెప్పగలిగినప్పుడే ఆ ఫలితం రైతుకు చేరుతుంది. ఎరువుల మోతాదుకు నేలవారీ సిఫారసు ఉన్నట్టే ఫలకాల శుభ్రతకు కూడా నేలవారీ సిఫారసు వెలువడాలి.

మూడు వేసవులు

పోడు భూముల్లో నాటే మామిడి వంటి తోటలకు మొదటి మూడు వేసవులు ప్రాణగండం. వేరు లోతుకు దిగేవరకు మొక్క పంపు నీటిమీదే బతుకుతుంది. ఒక చేనులో పంపు రోజుకు 50,000 లీటర్లు ఇస్తున్నదనుకుందాం. దుమ్ము వల్ల అందులో పదో వంతు తగ్గితే నష్టం 5,000 లీటర్లు. మొక్కకు రోజుకు 20 లీటర్ల లెక్కన చూస్తే అది 250 మొక్కల దాహం. నెలకు రెండు ఉదయాలు, గంటేసి పని చేస్తే నిలిచే మొక్కలవి.

పాలమూరు నేల వలసలకు పేరుబడింది. తోట ఎండిన ఇంటి నుంచే మొదటి మనిషి మేస్త్రీ వెంట బయలుదేరుతాడు. అడవి అంచు రైతు చేనులో మొదటిసారి నిలిచిన నీటిధార ఆగిపోకుండా చూడడం ఎంత ముఖ్యమో, ఆ ధారను కాపాడే చేతికి ప్రమాదం కలగకుండా చూడడం అంతే ముఖ్యం. ఫలకాన్ని ఇచ్చినవారు బ్రష్‌ను, పాఠాన్ని కూడా కలిపి ఇచ్చిన నాడే ఆ సాయం పూర్తవుతుంది.